తేజేలో ఒక వారం: పాట, వాక్యం, పది నిమిషాల మౌనం

దేవుని సన్నిధికి ఇంకా దగ్గర కావాలనుకున్నప్పుడు మనవాళ్ళు మామూలుగా ఇంకో కూడికకు వెళ్తారు, ఇంకో ఉపవాస ప్రార్థనలో చేరతారు, ఇంకో ప్రసంగం వింటారు. ఫ్రాన్సులోని తేజే అనే పల్లెలో కలిసి జీవించే క్రైస్తవ సహోదరుల సముదాయం ఎంచుకున్న దారి వేరు. అక్కడ ప్రార్థనలో ప్రసంగం ఉండదు. ముందు నిలబడి గొంతెత్తి నడిపించే మనిషి ఉండడు, డ్రమ్స్ ఉండవు. రోజుకు మూడుసార్లు గంటలు మోగుతాయి. జనం నేల మీద కూర్చుని చిన్న చిన్న పాటలు మళ్ళీ మళ్ళీ పాడతారు, ఒక కీర్తన, కొన్ని వచనాల లేఖనం వింటారు. తర్వాత ఎనిమిది పది నిమిషాలు ఎవ్వరూ నోరు విప్పరు. ఆదివారం నుంచి ఆదివారం దాకా ఇదే సాగుతుంది. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, ఐర్లాండ్, బ్రిటన్‌లలో చదువుకుంటున్న తెలుగు విశ్వాసులు సెలవుల్లో ఒక వారం కేటాయించడానికి ఇంతకంటే మంచి చోటు యూరప్‌లో దొరకడం కష్టం. అయితే అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో తెలుసుకుని వెళ్ళాలి. తెలియక వెళ్ళినవాళ్ళు రెండో రోజుకే విసిగిపోతారు.

తేజే బుర్గుండి ప్రాంతంలో, క్లూనీ పట్టణానికి సుమారు పది కిలోమీటర్ల దూరాన గుట్ట మీద ఉన్న చిన్న పల్లె. 1940 ఆగస్టులో స్విట్జర్లాండుకు చెందిన రోజే షుట్జ్ పాతికేళ్ళ వయసులో అక్కడికి వచ్చి ఒక ఇల్లు కొన్నాడు. యుద్ధంలో పారిపోయి వస్తున్నవాళ్ళను, వాళ్ళలో యూదులను కూడా, అందులో దాచాడు. 1949 ఈస్టరు నాడు ఏడుగురు సహోదరులు పెళ్ళి, సొంత ఆస్తి వదులుకుని జీవితాంతం కలిసి ఉంటామని మాట ఇచ్చారు. వాళ్ళంతా ప్రొటెస్టెంట్లు. తర్వాత కథోలికులు కూడా చేరారు. ఇప్పుడు దాదాపు ముప్పై దేశాల సహోదరులు ఉన్నారు. విరాళాలు తీసుకోరు, తమకు కుటుంబం నుంచి వచ్చే వారసత్వ ఆస్తిని కూడా సముదాయం కోసం ఉంచుకోరు. మట్టి పాత్రలు చేసి, పుస్తకాలు వేసి, సొంత కష్టం మీద బతుకుతారు. ప్రార్థనకు వచ్చినవాళ్ళ ముందు కానుకల సంచి తిప్పరన్నది మొదటి రోజే గమనించవచ్చు.

బ్రదర్ రోజే 2005 ఆగస్టు 16న సాయంత్రం ప్రార్థన మధ్యలోనే, జనం చూస్తుండగా, మతి స్థిమితం లేని ఒక స్త్రీ కత్తితో పొడవడంతో చనిపోయాడు. ఆ తర్వాత బ్రదర్ అలోయిస్ సముదాయాన్ని నడిపించాడు, 2023 డిసెంబరు నుంచి బ్రదర్ మాథ్యూ నడిపిస్తున్నాడు. బ్రదర్ రోజే సమాధి పల్లెలోని పాత రాతి గుడి పక్కనే ఉంది. చిన్న మట్టిదిబ్బ, పూలు, చెక్క సిలువ, అంతే.

ప్రార్థన జరిగే పెద్ద మందిరం పేరు సమాధాన మందిరం. యుద్ధం చేసిన గాయాలకు ప్రాయశ్చిత్తంగా జర్మన్ యువకులు వచ్చి కట్టారు. 1962 ఆగస్టులో ప్రతిష్ఠ జరిగింది. పదేళ్ళు తిరక్కుండానే జనం పట్టక పడమటి గోడ పగలగొట్టి గుడారం వేశారు. తర్వాత ఆ గుడారం స్థానంలో చెక్కతో విస్తరించారు. లోపల తెరుచుకునే అడ్డుగోడలు ఉన్నాయి. చలికాలంలో కొద్దిమంది ఉంటే మూసేస్తారు, వేసవిలో వేలమంది వస్తే తెరుస్తారు. కుర్చీలు ఉండవు. మోకాళ్ళు, నడుము సహకరించనివాళ్ళకు గోడల వెంట బెంచీలు ఉంటాయి. ముందు భాగంలో నారింజ రంగు గుడ్డలు తెరచాపల్లా పైకి లాగి కట్టి ఉంటాయి. వాటి కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన బోలు ఇటుకల్లో దీపాలు వెలుగుతుంటాయి. మధ్యలో పచ్చని పొదల వరుసల నడుమ తెల్లటి అంగీల్లో సహోదరులు కూర్చుంటారు. అందరూ ఒకే వైపు చూస్తారు కాబట్టి పక్కవాళ్ళ ముఖం కనపడదు. ఎవరు కన్నీళ్ళు పెట్టుకున్నారో, ఎవరు చేతులెత్తారో చూసే అవకాశమే ఉండదు. సన్నిధి కోసం వచ్చినవాళ్ళకు ఈ అమరిక చేసే మేలు చిన్నది కాదు.

ప్రార్థన వేళలు మామూలు రోజుల్లో ఉదయం 8:15, మధ్యాహ్నం 12:20, రాత్రి 8:30. ఆదివారం ఉదయం 10 గంటలకు సంస్కార ఆరాధన. గంటలు మోగడం మొదలయ్యాక బయల్దేరితే చోటు వెనకే దొరుకుతుంది. పదిహేను నిమిషాలు ముందు వెళ్ళి కూర్చోవడం అలవాటు చేసుకోండి. తలుపు దగ్గర కుర్రవాళ్ళు ‘మౌనం’ అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడి ఉంటారు. అక్కడే పాటల పుస్తకం తీసుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు తిరిగి పెట్టేయాలి. ఏ పాటో ఎవరూ చెప్పరు. గోడ మీది బోర్డులో ఎర్రటి అంకెల్లో పాట నంబరు వెలుగుతుంది, పుస్తకంలో ఆ నంబరు తీసుకోవాలి. మొదటి రోజు ఆ వెతుకులాటతోనే సరిపోతుంది, కంగారు పడక్కర్లేదు. మూడో రోజుకు సగం పాటలు నోటికి వచ్చేస్తాయి, పుస్తకం ఒళ్ళో మూసి పెట్టుకోవచ్చు. నిజానికి పాట ప్రార్థనగా మారేది అప్పుడే.

ఈ పాటలు మన ఆరాధన గీతాల్లా చరణాల మీద నడిచేవి కావు. ఒకటి రెండు వాక్యాలు, ఎక్కువగా కీర్తనల్లోంచో సువార్తల్లోంచో తీసుకున్నవి, అయిదు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు తిరుగుతూ ఉంటాయి. వీటిలో చాలావాటికి బాణీ కట్టింది పారిస్‌లో ఆర్గన్ వాయించిన జాక్ బెర్తియే (1923–1994). ఇన్ని దేశాలవాళ్ళు కలిసి పాడాలి కాబట్టి ఎవరి సొంత భాషా కాని లాటిన్‌ను చాలా పాటలకు వాడుకున్నారు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ పాటలూ ఉన్నాయి. పాట వెనక చిన్న లెక్క ఉంది. మొదటి రెండు మూడు సార్లు మాటలు, స్వరం పట్టుకోవడానికే పోతాయి. నాలుగైదు సార్లు అయ్యాక నోరు తనంతట తాను పాడుతుంది, మనసు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి వాక్యం దిగుతుంది. మన దగ్గర పల్లవిని చప్పట్లతో వేగం పెంచుతూ తిప్పుతాం, ఇక్కడ వేగం పెరగదు, గొంతు పెరగదు. ఉద్వేగం పైకి లేవాలని ఎదురుచూసేవాళ్ళకు ఇది చప్పగా అనిపిస్తుంది. ఎదురుచూడకుండా పాటలో ఉండిపోతే మౌనానికి కావలసిన నెమ్మది అక్కడే వస్తుంది.

క్రమం ఇలా ఉంటుంది: రెండు మూడు పాటలు, కీర్తన (వచనం తర్వాత అందరూ హల్లెలూయ పాడతారు), అనేక భాషల్లో చిన్న లేఖన పఠనం, ఇంకో పాట, మౌనం, విజ్ఞాపనలు, ముగింపు ప్రార్థన, మళ్ళీ పాటలు. ప్రభువు నేర్పిన ప్రార్థన ఒక్కొక్కరూ తమ భాషలో చెప్పుకోవచ్చు. మధ్యాహ్నం ప్రార్థన పొట్టిది. రాత్రిది ముగిసినా ముగియనట్టే ఉంటుంది. సహోదరుల్లో కొందరు వెళ్ళిపోతారు, కొందరు మందిరం అంచుల్లో నిలబడతారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి మనసులోని మాట చెప్పుకోవచ్చు. స్త్రీలు కావాలనుకుంటే సెయింట్ ఆండ్రూ సభకు చెందిన సిస్టర్లతో మాట్లాడవచ్చు. 1966 నుంచి వాళ్ళు అతిథుల బాధ్యతలో పాలు పంచుకుంటున్నారు. పాటలు మాత్రం రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. ఎప్పుడైనా లేచి వెళ్ళవచ్చు.

లేఖనం చదివే భాషల్లో తెలుగు వినపడుతుందని ఆశ పెట్టుకోవద్దు. దీనికి తేలికైన ఉపాయం ఉంది. ఆ రోజు చదివే భాగాల వివరం ముందే దొరుకుతుంది. ఉదయం ప్రార్థనకు ముందో, అల్పాహారం తర్వాతో ఆ భాగాన్ని మీ తెలుగు బైబిల్లో రెండుసార్లు చదివి, ఒక్క వాక్యం ఎంచుకుని గుర్తుపెట్టుకోండి. మందిరంలోకి ఫోను తీసుకెళ్ళి బైబిల్ యాప్ తెరవడం మాత్రం వద్దు. ఒక తెర వెలిగితే పది మంది కళ్ళు అటు తిరుగుతాయి.

ఇక మౌనం. తేజే మీకు ఇచ్చే అసలు సొత్తు ఇదే, అత్యంత కష్టమైనదీ ఇదే. మౌనం మొదలైందని ఎవరూ ప్రకటించరు. పాట ఆగుతుంది. మొదటి నిమిషమంతా దగ్గులు, జిప్పుల చప్పుడు, ఎక్కడో నీళ్ళ సీసా దొర్లిన శబ్దం. రెండో నిమిషానికి వేలమంది ఉన్న మందిరం పూర్తిగా సద్దుమణుగుతుంది. సరిగ్గా అప్పుడే మన లోపల గోల మొదలవుతుంది. పరీక్షలు, ఇంటి అద్దె, అమ్మ ఫోనులో అన్న మాట, మధ్యాహ్నం గిన్నెలు తోమే వంతు ఎవరిది అన్న అనుమానం. నాలుగైదు నిమిషాలకు నిద్ర వస్తుంది. ఎనిమిదో నిమిషంలో ‘ఇంకెంతసేపు’ అన్న ఆలోచన. ఇదంతా మామూలే. దేవుడు దూరంగా ఉన్నాడన్నదానికి ఇది గుర్తు కాదు.

ఆ పది నిమిషాలు ఎలా కూర్చోవాలన్నది తెలిస్తే వారం ఫలిస్తుంది. శరీరంతో మొదలుపెట్టండి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటు మనకు పెద్ద వరం. పక్కన యూరప్ పిల్లలు కాళ్ళు ఎటు పెట్టాలో తెలియక మెలికలు తిరుగుతుంటారు. అయినా ప్రార్థన మొత్తం అలా ఉంటే తిమ్మిరి ఎక్కుతుంది. అందుకే చాలామంది ముందుకు వాలు ఉన్న చిన్న చెక్క పీట వాడతారు. మోకాళ్ళ మీద కూర్చుని, పీటను పిక్కల మీదుగా పెట్టి దాని మీద బరువు వేస్తారు. బరువు మడమల మీద పడదు, వెన్ను నిటారుగా నిలుస్తుంది. వాలు వెనక్కి ఉండేలా తిప్పి పెడితే నడుము నొప్పి ఖాయం. పీట లేకపోతే మడతపెట్టిన దుప్పటి పిరుదుల కింద పెట్టుకోండి, మోకాళ్ళు తుంటికంటే కిందికి దిగుతాయి, వెన్ను దానంతట అదే సరిపడుతుంది.

తర్వాత పొద్దున ఎంచుకున్న వాక్యం. పొడుగ్గా వద్దు. ‘నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది’ అన్న 62వ కీర్తన మొదటి మాట లాంటిది చాలు. తెలుగులోనే, లోలోపల, నెమ్మదిగా అనుకోండి. ఆలోచన వస్తే దాంతో కొట్లాట పెట్టుకోవద్దు, దాని వెంట పోవద్దు. ‘ప్రభువా, ఇదిగో అద్దె సంగతి’ అని ఒక్క మాటలో ఆయన ముందు పెట్టి మళ్ళీ వాక్యానికి రండి. పదిసార్లు తప్పిపోతే పదిసార్లు తిరిగి రావడమే ఆ పది నిమిషాల ప్రార్థన. ఇక్కడ చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, మౌనాన్ని మనవుల జాబితాతో నింపేయడం. విజ్ఞాపనలకు తర్వాత వేరే చోటు ఉంది, ఇక్కడ మాట్లాడేది మనం కాకూడదు. రెండోది, ఏదైనా స్వరమో దర్శనమో రావాలని కాచుకుని కూర్చోవడం. రాకపోతే నిరాశ, వచ్చిందనుకుంటే అతిశయం. ఏలీయాకు హోరేబులో గాలిలో, భూకంపంలో, మెరుపులో కాక ‘మిక్కిలి నిమ్మళముగా మాటలాడు’ స్వరం వినబడింది. ఆ స్వరం అతణ్ణి మళ్ళీ పనిలోకి పంపింది. తేజే మౌనం కూడా అలాగే పనిచేస్తుంది. ప్రార్థన సమయంలో ఏమీ జరిగినట్టు ఉండదు, గురువారమో శుక్రవారమో ఎవరినో క్షమించడం తేలికైందని తెలుస్తుంది.

నిద్ర వచ్చేవాళ్ళకు ఒక మాట. మధ్యాహ్నం ప్రార్థనకు ముందు చన్నీళ్ళతో ముఖం కడుక్కోండి, రాత్రి పాటల దగ్గర అర్ధరాత్రిదాకా ఉండిపోయే ఉత్సాహాన్ని మొదటి రెండు రోజులు ఆపుకోండి. వారం మధ్యలో నీరసపడేవాళ్ళలో ఎక్కువమంది నిద్ర చాలనివాళ్ళే, దాన్ని ఆత్మీయ కరువు అనుకుని బాధపడుతుంటారు.

శుక్రవారం రాత్రి సిలువ చుట్టూ ప్రార్థన ఉంటుంది. మందిరంలో ఎత్తుగా నిలిచే సిలువ చిత్రాన్ని నేల మీద పడుకోబెడతారు. జనం మోకాళ్ళ మీద నెమ్మదిగా దగ్గరికి వచ్చి నుదురు ఆ చెక్కకు ఆనించి, తమ భారాన్నీ, తాము మోస్తున్న వేరేవాళ్ళ బాధనూ అక్కడ వదిలి లేస్తారు. వరుస చాలా పొడుగ్గా ఉంటుంది, గంట పైనే పట్టవచ్చు. పాట ఆగదు. కొందరు తెలుగు ప్రొటెస్టెంట్లకు ఇది విగ్రహం ముందు వంగడంలా అనిపించి ఇబ్బందిగా ఉండవచ్చు. మనస్సాక్షికి ఇబ్బందైతే మీ చోటే కూర్చుని పాడండి, ఎవరూ ఏమనుకోరు, బలవంతం అక్కడ అసలు లేదు. అక్కడివాళ్ళు మొక్కుతున్నది చెక్కకు కాదు, భారాన్ని చేతులతో కాక శరీరంతో దించుకునే ప్రార్థన అది. శనివారం రాత్రి చేతుల్లో చిన్న కొవ్వొత్తులతో పునరుత్థాన ప్రార్థన. ముందు కొన్ని దీపాలు వెలుగుతాయి, ఒకరి నుంచి ఒకరికి అందుతూ నిమిషాల్లో మందిరమంతా నిండుతుంది. ప్రతి వారం శుక్రవారం సిలువ, శనివారం దీపాలు, ఆదివారం సంస్కారం. అంటే ఏడు రోజుల్లో ఈస్టరు మొత్తం నడుస్తుంది. ఒకటి రెండు రోజులకు వెళ్ళి వచ్చేవాళ్ళు పోగొట్టుకునేది దీన్నే. కుదిరితే పూర్తి వారమే వెళ్ళండి.

సంస్కారం విషయంలో ముందే తెలుసుకోండి. ఆదివారం ఆరాధన కథోలిక పద్ధతిలో జరుగుతుంది. ఉదయం ప్రార్థనల్లో కూడా సంస్కారం పంచుతారు. తీసుకోనివాళ్ళకు, తీసుకోలేనివాళ్ళకు ఆశీర్వదించిన రొట్టె బుట్టల్లో ఉంటుంది. వేర్వేరు సంఘాలు 1947లోనే కలిసిన దక్షిణ ఇండియా సంఘం నుంచి వెళ్ళేవాళ్ళకు ఈ కలయిక కొత్తగా ఉండదు. పెంతెకొస్తు, బ్రదరెన్ నేపథ్యంవాళ్ళకు మాత్రం అలవాటు పడటానికి రెండు రోజులు పడుతుంది.

మిగతా దినమంతా ప్రార్థన చుట్టూ అల్లుకుని ఉంటుంది. పొద్దున ఒక సహోదరుడు బైబిల్ భాగాన్ని వివరిస్తాడు. ఈ వివరణలు బాగుంటాయి, లోతుగా ఉంటాయి, కానీ అరవడం, ఆవేశం ఉండదు. మధ్యాహ్నం ఏడెనిమిది మంది గుంపుగా కూర్చుని దాని మీద మాట్లాడుకుంటారు. ఇంగ్లీషు వస్తే చాలు. అందరికీ పని ఉంటుంది: మరుగుదొడ్లు కడగడం, వడ్డించడం, పెద్ద తొట్టెల్లో పళ్ళేలు కడగడం. పనిని తప్పించుకోవద్దు, ప్రార్థన పొడిబారిన రోజు దాన్ని నిలబెట్టేది ఆ పనే. గుంపు మాటలు అస్సలు వద్దనుకునేవాళ్ళు పూర్తి మౌన వారం అడగవచ్చు. వాళ్ళకు వేరే బస ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మేము దాన్ని సూచించం. మౌనం అలవాటు లేకుండా ఏడు రోజులు అందులో దిగితే పాత గాయాలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి.

బస చాలా సాదాగా ఉంటుంది. బంకు మంచాలున్న చెక్క గదులు, లేదా సొంత గుడారం. స్లీపింగ్ బ్యాగు మీరే తెచ్చుకోవాలి. వేసవిలో కూడా రాత్రుళ్ళు చలి పెడుతుంది. పలచటి దుప్పటి నమ్ముకుని వెళ్ళవద్దు. ఈస్టరు వారాల్లో వాన, బురద. టార్చిలైటు, చెప్పులు, వానకోటు తప్పనిసరి. మందిరంలో నేల చల్లగా ఉంటుంది కాబట్టి మందపాటి సాక్సులు మర్చిపోవద్దు. తిండి గురించి నిజం చెప్పాలి. పొద్దున రొట్టె, వెన్న, చాక్లెట్ పుల్లలు, గిన్నెలో టీనో వేడి చాక్లెట్టో. మధ్యాహ్నం, రాత్రి పాస్తానో, పప్పు గింజలో, అన్నమో, అన్నిటికీ ఒకే చెంచా. శాకాహారం అడిగితే ఇస్తారు. ఉప్పు కారం మాత్రం ఉండవనే అనుకోండి. చిన్న డబ్బాలో కందిపొడి తీసుకెళ్ళడం తప్పు కాదు. తిండి ఇలా ఉండటానికి కారణం ఉంది. వారానికి కట్టే రుసుము ఎవరి దేశాన్ని, వయసును బట్టి వాళ్ళు ఒక హద్దులో ఎంచుకునేలా పెట్టారు. విద్యార్థి కూడా భరించగలిగేంతే.

లోపాలు లేకపోలేదు. జులై, ఆగస్టుల్లో, జర్మనీ బడి సెలవుల్లో పదహారు పదిహేడేళ్ళ పిల్లలు వేలల్లో వస్తారు. వాళ్ళలో చాలామంది దేవుని కోసం కాక స్నేహితుల కోసం వచ్చినవాళ్ళే. రాత్రి ప్రార్థన అయ్యాక ఓయాక్ అనే తినుబండారాల కొట్టు దగ్గర గిటార్లు, కేకలు, గెంతులు. గదులు దాని దగ్గర పడితే నిద్ర కష్టం. ప్రార్థన కోసమే వెళ్ళేవాళ్ళకు వసంతం చివరి వారాలు, సెప్టెంబరు, లేదా ఆగస్టు ఆఖర్లో 18–35 ఏళ్ళవాళ్ళ కోసం ప్రత్యేకంగా పెట్టే వారం మేలు. ఇంకో లోపం: గుంపు చర్చల స్థాయి గుంపును నడిపే స్వచ్ఛంద కార్యకర్త మీద ఆధారపడుతుంది. ఒక్కోసారి ‘మీ దేశంలో ఏం తింటారు’ దగ్గరే ఆగిపోతుంది. స్వస్థత ప్రార్థన, అభిషేకం, ప్రవచనం, గంటల తరబడి విజ్ఞాపన కోరుకునేవాళ్ళకు ఇది చోటు కాదు. సిద్ధాంతపరంగా స్పష్టమైన బోధ కావాలన్నా అసంతృప్తే మిగులుతుంది. కథోలికులు, ప్రొటెస్టెంట్లు ఎక్కడ విభేదిస్తారో అక్కడ తేజే వాదనకు దిగదు, ప్రార్థనలో పెట్టి మౌనంగా ఉంటుంది. మాకు అది బలంగానే కనిపిస్తుంది.

పిల్లలను పంపే తల్లిదండ్రులు ఒక విషయం తెలుసుకోవాలి. గత దశాబ్దాల్లో కొందరు సహోదరులు చేసిన లైంగిక దాడుల సంగతిని 2019లో సముదాయమే బయటపెట్టింది, న్యాయాధికారులకు తెలిపింది. ఫిర్యాదు చేయడానికి, సహాయం అడగడానికి ఎవరిని సంప్రదించాలో వాళ్ళ వెబ్‌సైటులో ఉంది. పంపేముందు పిల్లలకు ఆ పేజీ చూపించండి.

చేరుకోవడం కష్టమేమీ కాదు. పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే వేగపు రైల్లో మాకోన్-లోషే స్టేషన్‌కు దాదాపు గంటా నలభై నిమిషాలు, అక్కడి నుంచి 701 నంబరు బస్సు తేజేలోనే ఆగుతుంది. లియోన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు మాకోన్ ఊళ్ళో స్టేషన్లో దిగి అదే బస్సు పట్టుకోవచ్చు. ఆదివారాలు బస్సులు తక్కువ, వేళలు చూసుకుని రైలు టికెట్ కొనండి. జర్మనీలో చదివేవాళ్ళకు ఇంకా తేలిక. విశ్వవిద్యాలయాల దగ్గరుండే ఈఎస్‌జీ (ప్రొటెస్టెంట్), కేహెచ్‌జీ (కథోలిక) విద్యార్థి సంఘాలను అడగండి, సెలవుల్లో తేజేకు వెళ్ళే బృందం దొరికే అవకాశం బాగా ఉంటుంది. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే ఫ్రాన్సుకు వేరే వీసా అక్కర్లేదు. ఐర్లాండ్, బ్రిటన్‌లలో ఉన్నవాళ్ళకు షెన్‌గెన్ వీసా కావాలి, ఐర్లాండ్ ఈయూలో ఉన్నా షెన్‌గెన్‌లో లేదు. ఇండియా నుంచి నేరుగా వెళ్ళాలనుకునేవాళ్ళు వీసాకు దరఖాస్తు చేయకముందే సముదాయానికి రాసి నమోదు చేసుకోవాలి. ముప్పై అయిదు దాటినవాళ్ళకు చోటు పరిమితం, కాబట్టి ఇంకా ముందుగా. చిన్నపిల్లలున్న కుటుంబాలకు పక్క ఊరు అమ్యూన్యీలో ఒలిండా అనే వేరే బస ఉంది, పిల్లల కార్యక్రమాలు అక్కడే జరుగుతాయి.

వెళ్ళలేనివాళ్ళు నిరాశపడనక్కర్లేదు, తేజే ప్రార్థనకు తేజే అవసరం లేదు. సహోదరులు కూడా అదే అంటారు, తమ పేరిట వేరే ఉద్యమం పెట్టవద్దని, ఎవరి సంఘంలో వాళ్ళు ఉండి ప్రార్థించమని. ఇంట్లో ముగ్గురో నలుగురో ఉంటే నలభై నిమిషాల్లో చేసుకోవచ్చు. ట్యూబులైటు ఆపి రెండు దీపాలు వెలిగించండి. అందరూ ఒకే వైపు తిరిగి కూర్చోండి, ఎదురెదురుగా వద్దు. తెలుగులో అందరికీ వచ్చిన ఒక పల్లవిని తీసుకోండి, చరణాలు వదిలేసి ఆ పల్లవినే ఎనిమిది పదిసార్లు, చప్పట్లు లేకుండా, నెమ్మదిగా. తర్వాత ఒక కీర్తనలో అయిదారు వచనాలు, సువార్తలో ఒక చిన్న భాగం, వివరణ ఏమీ లేకుండా. మళ్ళీ అదే పల్లవి రెండుసార్లు. ఇప్పుడు మౌనం. మొదటి వారాల్లో నాలుగు నిమిషాలతో మొదలుపెట్టి నెలకు ఒకటి రెండు నిమిషాల చొప్పున పెంచండి. మొదటి రోజే పది నిమిషాలు పెడితే రెండో వారానికి ఎవరూ రారు. విజ్ఞాపనలు ఒక్కొక్కరు ఒక్క వాక్యం, దాని తర్వాత అందరూ ‘ప్రభువా కనికరించుము’. చివర పరలోక ప్రార్థన.

ఇక్కడ పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట. నడిపించేవాళ్ళకు మౌనం భరించలేనిదై రెండో నిమిషంలోనే ‘స్తోత్రం ప్రభువా’ అంటూ గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టేస్తారు. అందుకే మౌనం ఎప్పుడు ముగియాలన్నది ఒక్కరికే అప్పగించి, ఆ మనిషి దగ్గర మాత్రమే ఫోను ఉంచండి. టైమరు శబ్దం లేకుండా వైబ్రేషన్ మీద పెట్టుకుని, సమయం అయ్యాక మాట్లాడకుండా మెల్లగా అదే పల్లవి ఎత్తుకుంటే చాలు, మిగతావాళ్ళు అందుకుంటారు.